ఓడితే ఇంటికే: డెల్టా ఊళ్లలో నాకౌట్ ఫుట్‌బాల్ కప్పును నడిపే పద్ధతి

సంక్రాంతికి ఊళ్లకు వచ్చే కుర్రవాళ్లు సెలవు పెట్టుకుని వస్తారు కాబట్టి పది పన్నెండు రోజులకు మించి ఉండరు. ఆ కాస్త వ్యవధిలో ఇరవై రెండు ఊళ్ల జట్లతో ఫుట్‌బాల్ పోటీ పెట్టాలనుకునే కమిటీ ముందుగా ఒక లెక్క వేసుకోవాలి. ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతోనూ ఒకసారి ఆడే లీగ్ పద్ధతిలో 22 జట్లకు 231 ఆటలు పడతాయి. ఓడిన జట్టు అక్కడితో తప్పుకునే నాకౌట్ పద్ధతిలో 21 ఆటలతో విజేత తేలిపోతుంది. ఎన్ని జట్లు ఉన్నా ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే ఆటల సంఖ్య వస్తుంది. ఒక్కో ఆట ఒక్కో జట్టును ఇంటికి పంపాలి, చివరికి ఒక్కటే మిగలాలి కదా.

అయితే నాకౌట్‌కు ఒక కాఠిన్యం ఉంది. లీగులో రిఫరీ పొరపాటు వల్ల ఒక ఆట పోయినా తరువాతి ఆటల్లో సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు. ఒక్క తప్పుడు నిర్ణయంతో ఒక ఊరి పండుగ చేదవుతుంది, ఆ చేదు మరుసటి సంక్రాంతి దాకా కాలువ గట్టు మీద మాటల్లో నానుతూనే ఉంటుంది. అందుచేత నిబంధనలన్నీ మొదటి బంతి కదలకముందే కాగితం మీదికి ఎక్కాలి. మూడేళ్లుగా గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఇటువంటి పోటీని నడుపుతున్న కమిటీలో ఒకడిగా, మేము నేర్చుకున్నదీ చేతులు కాల్చుకున్నదీ ఇక్కడ వివరిస్తున్నాను.

మేము నమూనాగా పెట్టుకున్నది దక్షిణాఫ్రికా జాతీయ నాకౌట్ కప్పు. అది 1971లో మొదలైంది. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారుతూ మెయిన్‌స్టే కప్, బాబ్ సేవ్ సూపర్ బౌల్, ఆబ్సా కప్ అనే పేర్లతో సాగి, 2008 నుంచి నెడ్‌బ్యాంక్ కప్ అయింది. ప్రధాన దశలో 32 జట్లు ఆడతాయి. వాటిలో 16 దేశపు మొదటి అంచె లీగువి. ఎనిమిది రెండో అంచె జట్లు, అవి తమలో తాము ఒక ప్రాథమిక రౌండు ఆడి గెలిచి వస్తాయి. మిగిలిన ఎనిమిదీ ప్రాంతీయ పోటీల్లో నెగ్గి వచ్చిన అమెచ్యూర్ జట్లు. అంటే వేల మంది ప్రేక్షకులున్న కైజర్ చీఫ్స్ వంటి మొదటి అంచె జట్టుకు ఎంత తలుపు తెరిచి ఉందో, పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసే జట్టుకూ అంత తలుపు తెరిచే ఉంటుంది. సగం చోట్లు పెద్దవాళ్లవి, సగం చోట్లు చిన్నవాళ్లవి. ఈ ఒక్క ఏర్పాటు కోసమే ఆ కప్పును ఎంచుకున్నాము.

దాని ఫలితం 2019 మే 18న డర్బన్‌లోని మోజెస్ మభీడా స్టేడియంలో కనబడింది. ఆనాటి ఫైనల్లో ఒకవైపు కైజర్ చీఫ్స్, రెండోవైపు అప్పటికి నాలుగేళ్ల క్రితమే పుట్టి రెండో అంచెలో ఆడుతున్న టీఎస్ గెలాక్సీ. తొంభై నిమిషాలు గడిచినా గోలు లేదు. అదనంగా కలిపిన నిమిషాల్లో గెలాక్సీకి పెనాల్టీ దక్కింది, జఖేలే లెపాసా దాన్ని గోలుగా మలిచాడు, ఆట 1-0తో ముగిసింది. ఆ గెలుపుతో రెండో అంచె జట్టు ఆఫ్రికా ఖండ స్థాయిలో జరిగే కాన్ఫెడరేషన్ కప్పులో ఆడే అర్హత సంపాదించింది. 2024 ఫిబ్రవరిలో ఇదే చీఫ్స్‌ను మరో రెండో అంచె జట్టు మిల్‌ఫోర్డ్ మొదటి మెట్టులోనే పెనాల్టీలతో ఇంటికి పంపింది. మరుసటి ఏడు, 2025 మేలో, మళ్లీ డర్బన్‌లోనే చీఫ్స్ ఓర్లాండో పైరేట్స్‌ను 2-1తో ఓడించి అదే కప్పు ఎత్తుకుంది. దానికి ముందు పదేళ్లు ఆ జట్టుకు ఏ ట్రోఫీ దక్కలేదు.

డర్బన్ పేరు మనకు మరీ పరాయిది కాదు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు నుంచి నాటాల్ చెరుకు తోటలకు కూలి ఒప్పందం మీద ఓడలెక్కినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి సంతతివారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. ఫైనల్ జరిగిన ఊరు అదేనని చెప్పగానే మా కమిటీలోని పెద్దలకు ఈ నమూనా మీద ఆసక్తి రెట్టింపయిందన్నది నిజం.

జట్ల నమోదు

మన లెక్కకు 32 ఎక్కువ. ప్రధాన దశకు 16 జట్లు చాలు. వచ్చిన దరఖాస్తులు సరిగ్గా 16 ఉండవు. 2, 4, 8, 16, 32 అనే వరుసలో మీ జట్ల సంఖ్యకు పైనున్న అంకెను తీసుకుని, అందులోంచి జట్ల సంఖ్యను తీసివేస్తే ఎన్ని జట్లకు 'బై' ఇవ్వాలో తెలుస్తుంది. 22 జట్లకు పై అంకె 32, తీసివేస్తే 10. పది జట్లు ప్రాథమిక రౌండు ఆడకుండా నేరుగా ముందుకు వెళతాయి, మిగిలిన పన్నెండూ ఆరు ఆటలు ఆడుకుంటాయి, ఆ ఆరుగురు విజేతలూ పది బైలూ కలిస్తే పదహారు. బైలు అన్నీ ప్రాథమిక రౌండులోనే ముగిసిపోవాలి. సెమీఫైనల్లో మూడు జట్లు మిగిలి ఒకదానికి బై ఇచ్చే పరిస్థితి తెచ్చుకున్న కమిటీలను చూశాను. ఊరి మధ్యలో నిలబడి ఎంత నచ్చజెప్పినా ఆ బై వెనుక ఏదో ఉందనే అనుకుంటారు.

బై ఎవరికి ఇవ్వాలన్నది అసలు ప్రశ్న. మొదటి ఏడాది పదీ లాటరీలోనే తీయండి. రెండో ఏడాది నుంచి గత పోటీలో క్వార్టర్ ఫైనల్ చేరిన ఎనిమిది జట్లకు నేరుగా చోటు ఇచ్చి, మిగిలిన పద్నాలుగింటిలో రెండింటికి లాటరీలో బై తీసి, పన్నెండింటి చేత ప్రాథమిక రౌండు ఆడించవచ్చు. అప్పుడు పదహారులో ఎనిమిది నిలదొక్కుకున్న జట్లు, ఎనిమిది కొత్తవీ చిన్నవీ అవుతాయి. దక్షిణాఫ్రికా కప్పులోని సగం-సగం సూత్రం మన కొలతకు సరిపోయే రూపం ఇదే. అమలాపురం, రాజోలు వంటి చోట్ల కాలేజీ మైదానంలో ఏడాది పొడుగునా ఆడే జట్టుకూ, పంటు మీద పాయ దాటి రావలసిన లంక ఊరి జట్టుకూ ప్రవేశ రుసుము ఒకటే ఉండకూడదని నా అభిప్రాయం. లంక జట్లకు రుసుము సగం చేసి, ఆ సగాన్ని చందాల్లోంచి పూడ్చుకోవడం మంచిది.

ఆటగాళ్ల జాబితా విషయంలో మెత్తగా ఉండకండి. డ్రా, అంటే ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే లాటరీ, తీయడానికి ముందురోజే ప్రతి జట్టూ ఇరవై పేర్లతో, ఫోటోలతో జాబితా ఇవ్వాలి. తరువాత ఒక్క పేరు కూడా చేర్చడానికి వీలులేదు. ఒక జట్టు తరఫున ఒక్క నిమిషం ఆడినవాడు అదే కప్పులో మరో జట్టుకు ఆడరాదు. చాలా కప్పుల్లో ఉన్న నియమమిది. మన దగ్గర ఇది మరింత అవసరం, ఎందుకంటే మొదటి రౌండులో ఓడిన జట్టులోని మంచి ఫార్వర్డును రాత్రికి రాత్రే పక్క ఊరివాళ్లు భోజనానికి పిలుస్తారు. ఎవరు ఏ ఊరివారన్నదానికి మేము మూడు ప్రమాణాలు పెట్టుకున్నాము: ఊళ్లో ఇల్లు ఉండాలి, లేదా ఆ ఊరి బడిలో చదివి ఉండాలి, లేదా అది అమ్మమ్మగారి ఊరు కావాలి. మొదటి ఏడాదే నాలుగో ప్రశ్న వచ్చింది. పండక్కి వచ్చిన కొత్త అల్లుడు అత్తవారి ఊరికి ఆడవచ్చా? కమిటీ గంటసేపు చర్చించి, మరో జాబితాలో పేరు లేకపోతే ఆడవచ్చని తీర్మానించింది. మామగారు రెండు బంతులు కొనిచ్చారు కాబట్టి ఆ తీర్మానానికి ఎవరూ అడ్డు చెప్పలేదని కూడా దాచకుండా రాస్తున్నాను.

డ్రా

కప్పు పోటీకి ప్రాణం డ్రాలో ఉంటుంది. దీన్ని రెండు రకాలుగా చేయవచ్చు. మొదటి రోజే ఫైనల్ దాకా చెట్టు కొమ్మల్లా పట్టిక గీసి గోడకు అంటించడం ఒకటి. ప్రతి రౌండు ముగిశాక మిగిలినవారికి మళ్లీ డ్రా తీయడం రెండోది. నెడ్‌బ్యాంక్ కప్పులో రెండో పద్ధతినే పాటిస్తారు. పట్టిక పద్ధతిలో ఎవరికి ఎప్పుడు ఎవరు ఎదురవుతారో ముందే తెలిసిపోతుంది. 'మనం ఇది గెలిస్తే సెమీస్‌లో ఫలానా వాళ్లు, ఎలాగూ ఓడతాం' అనే నిస్పృహ మొదటి రోజు నుంచే పట్టుకుంటుంది. రౌండు రౌండుకూ తీసే పద్ధతిలో ఆ సాయంత్రం వరకు ఎవరికీ ఏమీ తెలియదు. దానికి తోడు ప్రతి రౌండు చివరి ఆట ముగిసిన వెంటనే, జనం ఇంకా మైదానంలో ఉండగానే డ్రా తీస్తే, అదే ఒక ఆటంత సందడిగా ఉంటుంది.

బలమైన జట్లు ముందే ఒకదానికొకటి తగలకుండా సీడింగ్ ఇవ్వమని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఇవ్వకండి. రెండు పెద్ద జట్లు మొదటి రౌండులోనే ఢీకొంటే ఒక చిన్న జట్టుకు క్వార్టర్స్ దాకా దారి ఏర్పడుతుంది. ఫైనల్ కాస్త చప్పగా ఉండవచ్చు గాని, లంకలోంచి నలభై మంది డప్పులతో వచ్చి చూసే క్వార్టర్ ఫైనల్ దక్కుతుంది.

ఇక తీసే విధానం. మొదటి ఏడాది మేము నోటుపుస్తకం కాగితాలు చింపి, పేర్లు రాసి, మడిచి ఇత్తడి బిందెలో వేశాము. తీసేసరికి రెండు చీటీలు ఒకదాని మడతలో ఒకటి దూరి కలిసి వచ్చాయి. ఏది ముందు అన్నదానిమీద మొదలైన వాదన, ఒక చీటీ మూల నలిగి ఉందన్న అనుమానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాది నుంచి హౌసీ ఆటలోని అంకెల బిళ్లలు వాడుతున్నాము. అన్నీ ఒకే సైజు, ఒకే బరువు, మడతలు ఉండవు. ముందుగా జట్ల పేర్లను అక్షర క్రమంలో రాసి, ఒక్కో జట్టుకు ఒక్కో అంకె ఇచ్చి, ఆ జాబితాను అందరికీ కనబడేలా గోడకు అంటిస్తాము. తరువాత బిళ్లలను ఒకటొకటిగా పైకెత్తి చూపిస్తూ, అంకె చదువుతూ బిందెలో వేస్తాము. పదహారు జట్లుంటే పదహారు బిళ్లలు పడ్డాయని జనమే లెక్కపెడతారు. బిందెను ఒక కెప్టెన్ చేత ఊపిస్తాము. ఏ జట్టుతోనూ సంబంధం లేని ఊరి నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్ల, మోచేతి దాకా చొక్కా చెయ్యి మడుచుకుని, ముఖం జనం వైపు పెట్టి, చెయ్యి మాత్రం బిందెలో పెడుతుంది. తీసిన బిళ్లను ముందు జనానికి చూపించి, తరువాతే కమిటీకి ఇస్తుంది. ఆ క్రమం తప్పనివ్వకండి. కమిటీ సభ్యుడి చేతిలోకి ముందు వెళ్లిన బిళ్ల మీద నమ్మకం ఉండదు. మొదట వచ్చిన జట్టు సొంత జట్టు, రెండోది అతిథి జట్టు. ఆట సొంత జట్టు ఊరికి దగ్గరగా ఉన్న మైదానంలో జరుగుతుంది. ఒక్కో జత తేలగానే పొడుగు లెక్కల పుస్తకంలో రాసి, ఇద్దరు కెప్టెన్ల చేత సంతకం పెట్టించండి.

మైదానం

డెల్టాలో జనవరిలో ఖాళీ నేల దొరకడం కష్టం. సార్వా (వానాకాలపు వరి) కోసిన చేలో దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు సాగుతుంటాయి, నీళ్లు పెట్టని చేలల్లో మినుము మొలిచి ఉంటుంది; మోళ్లున్న చేను ఆటకు పనికిరాదు కూడా. హైస్కూలు మైదానమో, కొబ్బరి మొక్కలు వేయని తోట జాగానో చూసుకోవాలి. ఫుట్‌బాల్ నియమావళి ప్రకారం మైదానం పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్లు ఉండవచ్చు. ఇందులో కనిష్ఠ కొలతైన 90 ఇంటు 45, అంటే 4,050 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు సరిగ్గా ఒక ఎకరం. 'ఎకరం నేల చదునుగా ఉందా?' అని అడిగితే చాలు, ఏ రైతైనా మీకు మైదానం చూపించగలడు. దాంతో పాటు గీతల బయట అన్నివైపులా రెండు మూడు మీటర్ల ఖాళీ ఉంచాలి. గీత పక్కనే కాలువ ఉన్న చోట ఎంత చదునుగా ఉన్నా ఒప్పుకోకండి.

మూలలు లంబంగా రావాలంటే ఇల్లు కట్టేటప్పుడు తాపీమేస్త్రీ చేసేదే చేయాలి: తాడు మీద 30, 40, 50 అడుగుల మూడు భుజాలు వచ్చేలా ముడులు వేసి త్రికోణంగా లాగితే లంబకోణం వస్తుంది. 90 ఇంటు 45 మైదానంలో ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా 100.6 మీటర్లు వస్తే గీతలు సరిగా పడ్డట్టే. కొలతకు కొబ్బరి తాడు వద్దు. మంచుకు తడిస్తే ఒక కొలత, ఎండితే ఒక కొలత చూపిస్తుంది. మేస్త్రీ టేపు అడిగి తెచ్చుకోండి. మిగిలిన కొలతలు అడుగుల్లో చెబితే మన పనివాళ్లకు సులువు. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. పెనాల్టీ గుర్తు గోలు గీతకు 36 అడుగులు. పెనాల్టీ ప్రాంతం ఒక్కో స్తంభం నుంచి పక్కకు 54, ముందుకు 54. మధ్య వృత్తానికి వ్యాసార్ధం 30 అడుగులు. గీతలకు సున్నం పొడి చల్లవద్దు, పడినవాడి కళ్లలోకి పోతే ప్రమాదం. ధనుర్మాసంలో ప్రతి వీధిలోనూ అమ్మకానికి వచ్చే ముగ్గు పిండి చాలు. మా ఊళ్లో గీతలు వేసేది ముగ్గులు వేసే ఆడవాళ్లే. వాళ్ల చేతిలోంచి పడే గీత మగవాళ్లు డబ్బాతో పోసే గీతకన్నా సన్నగా, తిన్నగా వస్తుంది.

గోలు స్తంభాలకు వెదురు వాడితే పైబద్ద మధ్యలో వంగుతుంది. సరుగుడు బాదులు తెచ్చి చెక్కు తీయించి తెల్లరంగు వేయించండి. స్తంభం పదకొండు అడుగులు ఉంటే మూడడుగులు నేలలోకి పోగా ఎనిమిది మిగులుతాయి. పైబద్దను తాడుతో కట్టకుండా బోల్టు వేయించాలి. వలకు కొనుగోలు ఖర్చు అక్కరలేదు; తీరం వైపు ఊళ్లలో వేటకు పనికిరాని పాత నైలాన్ వలలు అడిగితే ఇస్తారు. వల కేవలం అలంకారం కాదు. అది లేని చోట స్తంభానికి అంగుళం బయటినుంచి పోయిన బంతి గోలా కాదా అన్నది కళ్లతో కాక గొంతులతో తేలుతుంది.

వేళ

ఒక ఆట మామూలుగా రెండు 45 నిమిషాల భాగాలు, మధ్యలో 15 నిమిషాల విరామం కలిపి గంటా ముప్పావు పడుతుంది. సమంగా ముగిస్తే అదనపు సమయం రెండు 15 నిమిషాల భాగాలు. ఆ తరువాత పెనాల్టీలకు మరో పావుగంట. మధ్యలో పోయే నిమిషాలన్నీ కలిపితే దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు చేతిలో ఉండాలి. సంక్రాంతి రోజుల్లో మన వైపు ఆరు కావడానికి పది నిమిషాల ముందే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం మూడింటికి మొదలైన ఆట పెనాల్టీల దాకా వెళ్లినా ఐదూ నలభైలోపు ముగుస్తుంది. మూడున్నరకు మొదలైతే ముగియదు. ఉదయం ఆట పెట్టుకుంటే తొమ్మిదికి ముందు వద్దు. మంచు పొరలో ఒక గోలు నుంచి రెండో గోలు కనబడదు.

ఈ లెక్క మాకు పుస్తకంలో దొరకలేదు. రెండేళ్ల క్రితం ఒక సెమీఫైనల్‌ను ముఖ్య అతిథి కోసం మూడూ ముప్పావు దాకా ఆపాము. ఆట 1-1తో సమమైంది. సమమైతే ఏం చేయాలన్నది మా నిబంధనల కాగితంలో లేదు. ఒక కెప్టెన్ టాస్ వేయమన్నాడు, రెండో కెప్టెన్ రేపు మళ్లీ ఆడిద్దామన్నాడు, వాదన ఇరవై నిమిషాలు సాగింది, చివరికి నేరుగా పెనాల్టీలు అన్నాము. అప్పటికి చీకటి పడింది. గోలు వెనుక నాలుగు మోటారు సైకిళ్లు నిలబెట్టి లైట్లు వేశాము. ఆ వెలుతురు తన్నేవాడి కళ్లలో పడుతోందని గోలుకు పక్కగా జరిపాము. అప్పుడు గోల్‌కీపర్ నీడ బంతి మీద పడింది. నాలుగో పెనాల్టీకి కీపరు నీడను చూసి దూకాడు, బంతి రెండో వైపు నుంచి పోయింది. ఓడిన ఊరివాళ్లు అరవలేదు, గొడవ చేయలేదు. బూట్లు చేత్తో పట్టుకుని పంటు ఎక్కి వెళ్లిపోయారు, మరుసటి ఏడాది దరఖాస్తు పెట్టలేదు. అప్పటినుంచి మా నిబంధనల్లో మొదటి వాక్యం ఇది: ఏ అతిథి కోసమూ ఏ ఆటనూ ఆపకూడదు.

పది రోజుల్లో ఆటలను ఇలా అమర్చుకోవచ్చు. ప్రాథమిక రౌండును డిసెంబరు ఆదివారాల్లోనే, ఊళ్లో ఉన్నవాళ్లతో ముగించేయాలి. భోగికి ఆరు రోజుల ముందు మొదలుపెట్టి రెండు రోజులపాటు రెండు మైదానాల్లో ఎనిమిది ఆటలు, ఒక రోజు విశ్రాంతి, మరునాడు నాలుగు క్వార్టర్ ఫైనల్స్, మళ్లీ ఒక రోజు విశ్రాంతి, భోగి ముందురోజు సెమీఫైనల్స్. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఆటలు పెట్టకండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయే జనాన్ని ఏ ఫైనలూ ఆపలేదు, ఆపడానికి ప్రయత్నించడం తెలివి కాదు. ముక్కనుమ నాడు ఫైనల్.

సమమైతే

నెడ్‌బ్యాంక్ కప్పులో సమమైన ఆటను మరోరోజు మళ్లీ ఆడించరు. అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. మనకూ అదే తగినది. పెనాల్టీల క్రమాన్ని రిఫరీకే వదిలేయకుండా కెప్టెన్లకు ముందే చదివి వినిపించండి. మొదటి టాస్ ఏ గోలు వైపు తన్నాలో తేలుస్తుంది. నేల బాగా లేదనో, ప్రమాదమనో అనిపిస్తే రిఫరీయే గోలును నిర్ణయించవచ్చు. రెండో టాస్ గెలిచిన కెప్టెన్ తాము ముందు తన్నాలా తరువాత తన్నాలా అన్నది కోరుకుంటాడు. ఆట ముగిసే సమయానికి మైదానంలో ఉన్నవారే తన్నడానికి అర్హులు, బల్ల మీద కూర్చున్న మొనగాడిని అప్పుడు తెచ్చి నిలబెట్టడం కుదరదు. ఒక జట్టులో ఎర్రకార్డు వల్ల పదిమందే మిగిలితే రెండో జట్టు కూడా ఒకరిని తగ్గించుకోవాలి. చెరో ఐదు, తరువాత ఒక్కొక్కటి. అర్హులందరూ ఒకసారి తన్నేదాకా ఎవరూ రెండోసారి తన్నరాదు. బంతిని తన్నే క్షణంలో కీపరు ఒక పాదమైనా గోలు గీత మీద గాని, దాని వెనుక గాని ఉండాలి. ఈ చివరి నియమం దగ్గరే గొడవలు ఎక్కువ కాబట్టి గీత పక్కన ఒక సహాయక రిఫరీని అందుకోసమే నిలబెట్టండి.

రిఫరీలను ఆడే రెండు ఊళ్ల నుంచి కాక బయటినుంచి పిలవాలి, వారి భోజనం ఏ జట్టు ఇంట్లోనూ ఏర్పాటు చేయకూడదు. ఏడుగురికన్నా తక్కువ ఆటగాళ్లు వచ్చిన జట్టుతో ఆట మొదలుపెట్టే వీలులేదు. అయితే పంటు ఆలస్యమైన సందర్భానికి పావుగంట గడువు ఇస్తామని ముందే రాసుకోండి. బూట్లు తప్పనిసరి అని నియమావళి చెబుతుంది. ఉత్తకాళ్లతో ఆడే అలవాటున్న పిల్లలు నొచ్చుకుంటారు గాని, బూటు వేసుకున్నవాడి పక్కన ఉత్తకాలు వేళ్లు పోగొట్టుకోవడానికే. కొనలేని జట్ల కోసం కమిటీ దగ్గర ఇరవై జతల పాత బూట్లు పోగుచేసి ఉంచడం మేలు. ఫిర్యాదులు ఆట ముగిసిన గంటలోగా రాతపూర్వకంగా, కొంత ధరావతుతో ఇవ్వాలి. ఫిర్యాదు నిజమైతే ఆ సొమ్ము తిరిగి ఇచ్చేయాలి.

సొమ్ము విషయానికి వస్తే, దక్షిణాఫ్రికాలో విజేతకు చాలా ఏళ్లపాటు 70 లక్షల రాండ్లు ఇచ్చారు, ముందే ఓడిన జట్లకూ అవి చేరిన దశను బట్టి కొంత ముడుతుంది. మన పోటీల్లో విజేతకు మనిషెత్తు కప్పు ఇచ్చి మొదటి రౌండులో ఓడినవారికి చెయ్యి చూపించడం అలవాటైపోయింది. కప్పు చిన్నదే చేయించండి. మిగిలిన డబ్బుతో ఓడిన ప్రతి జట్టుకూ రానుపోను పంటు, ఆటో ఖర్చులు మైదానంలోనే లెక్కపెట్టి ఇచ్చేయండి. మరుసటి ఏడాది దరఖాస్తులు ఎన్ని వస్తాయన్నది దీని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఫైనల్‌ను రెండు జట్లలో ఏదీ సొంతం అనుకోలేని చోట పెట్టాలి. రెండు బంతులకూ గాలి చూసుకోవాలి, ఒక్కోటి 410 నుంచి 450 గ్రాముల మధ్య తూగాలి. ప్రథమ చికిత్స పెట్టె, ఐసు, గాయపడినవాడిని రోడ్డు దాకా మోసే మడత మంచం గోలు పక్కన సిద్ధంగా ఉండాలి. ఆట ముగిసిన సాయంత్రమే సరుగుడు బాదులు పీకించి, వలలు ఇచ్చినవారికి చేర్చి, స్తంభాల గుంటలను మట్టితో పూడ్చి కాలితో తొక్కించండి. సెలవులు అయిపోయి బడి తెరవగానే పిల్లలు పరుగెత్తేది ఆ నేల మీదే, మూడడుగుల గుంట గడ్డిలో కనబడదు.